గోడ పక్కనే, గేటు ఎక్కడో: నగరం చుట్టూ పచ్చని చోట్ల మ్యాపు, ప్రాజెక్టు డైరీ

ఈ పని ఎందుకు

నగరం చుట్టుపక్కల ప్రకృతి చూడాలని వెతికితే ఎవరికైనా దాదాపు ఒకే జాబితా దొరుకుతుంది. ఒక పెద్ద పార్కు, ఒక చెరువు, ఊరి చివర ఒక గుట్ట. సూర్యాస్తమయం ఫొటోలు బోలెడు ఉంటాయి. బస్సు దిగాక ఎంత నడవాలో, లోపలికి ఎటు నుంచి వెళ్లాలో, మధ్యాహ్నం తెరిచి ఉంచుతారో లేదో, చక్రాల కుర్చీ పడుతుందో లేదో మాత్రం ఉండదు. నాకు కావాల్సింది అదే. అందుకే సొంతంగా ఒక మ్యాపు తయారుచేయడం మొదలుపెట్టాను. ఆ పని ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

హద్దులు ముందే గీసుకున్నాను. నగరం నడిబొడ్డు నుంచి బస్సులోనో రైల్లోనో సైకిల్ మీదో గంటలోపు చేరగలిగేవే తీసుకుంటాను. కారు ఉంటేనే వెళ్లగలిగే చోటు ఎంత అందంగా ఉన్నా ఇందులో ఉండదు. పార్కులతో పాటు గుట్టలు, బండలు, వాగులు, చెరువు గట్లు, అడవి తునకలు, పాత తోటలు అన్నీ లెక్కలోకి వస్తాయి. నేను స్వయంగా నడిచి చూడని చోటు మ్యాపు ఎక్కదు.

ఇక దూరం ఎలా కొలవాలన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం ఒక సూచన చేసింది. ప్రతి ఇంటికీ 300 మీటర్ల లోపు, కనీసం అర హెక్టారు నుంచి హెక్టారు దాకా ఉన్న పచ్చని జాగా అందుబాటులో ఉండాలని. 2021లో సెసిల్ కోనైనెండైక్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన 3-30-300 నియమంలోనూ ఆ 300 ఉంది. ఇంటి నుంచి చూస్తే 3 చెట్లు కనపడాలి, పేటలో 30 శాతం నేల మీద చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలో ఒక పార్కు ఉండాలి. గుర్తుపెట్టుకోవడానికి చక్కగా ఉంది. కానీ ఆరోగ్య సంస్థ చెప్పిన 300 మీటర్లు సరళరేఖలో కొలిచేవి. మనుషులు సరళరేఖలో నడవరు. మధ్యలో ప్రహరీ గోడలు, మురుగు కాలువలు, దాటలేని రోడ్లు ఉంటాయి. కాబట్టి నా మ్యాపులో ప్రతి దూరాన్నీ గేటు దాకా, కాలిబాట వెంబడే కొలుస్తాను. మిగతా నియమాలు మారినా ఇది మారదు.

మొదటి పొర: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్

2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ మ్యాపును ఎవరైనా సరిదిద్దవచ్చు, డేటాను ఉచితంగా దించుకోవచ్చు. మూలం మాత్రం పేర్కొనాలి. ఓవర్‌పాస్ టర్బో అనే వెబ్ పరికరంలో హద్దు గీసి, పార్కులు, అడవులు, నీటి వనరులు, శిఖరాలు, బండలు, ఊటలు కావాలని అడిగితే నిమిషంలో ఇచ్చేస్తుంది. దాన్ని క్యూజీఐఎస్ అనే మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ఇది కూడా ఉచితమే. మొదట్లో మెనూలు చూస్తే టెన్షన్ వస్తుంది గానీ, ఈ పనికి వాటిలో పదో వంతు తెలిస్తే సరిపోతుంది.

తెర మీద నగరం చాలా పచ్చగా కనిపించింది. ఆ పచ్చరంగులో సగం నాకు పనికిరాదు. గోల్ఫ్ మైదానం, కాలేజీ ఆవరణ, సభ్యులకు మాత్రమే తెరిచే క్లబ్బు తోట, అందరూ తిరిగే పార్కు అన్నీ ఇంచుమించు ఒకే రంగులో ఉంటాయి. లోపలికి ఎవరిని రానిస్తారో చెప్పే ట్యాగ్ (మ్యాపులో ఒక్కో చోటుకు తగిలించే వివరం) ఒకటి ఉంది గానీ, దాన్ని నింపేవాళ్లు తక్కువ. అడవికి రెండు రకాల ట్యాగ్‌లున్నాయి. ఒకటి సహజంగా పెరిగిన చెట్లకు, ఒకటి పెంచి నిర్వహించే అడవికి. ఏది ఎక్కడ వాడాలన్న దానిపై మ్యాపర్లు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. నేను రెండూ కలిపేసి, పక్కన ఒక కొత్త కాలమ్ పెట్టాను: "లోపలికి వెళ్లవచ్చా?" జవాబులు మూడే. వెళ్లవచ్చు, అడిగి వెళ్లవచ్చు, కుదరదు. నడిచి చూసేదాకా ఆ గడి ఖాళీ.

పైనుంచి చూస్తే

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరూ గీయని పచ్చదనం కూడా ఉంటుందని తెలుసు కాబట్టి ఉపగ్రహ చిత్రాలు తీసుకున్నాను. యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహాల్లో మొదటిది 2015లో, రెండోది 2017లో వెళ్లాయి. ఇలా రెండు ఉపగ్రహాలు జంటగా తిరుగుతూ ఒకే చోటును దాదాపు ప్రతి 5 రోజులకు ఒకసారి చూస్తాయి. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల చదరం. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు.

పచ్చదనాన్ని పట్టే లెక్క సులువే. ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని మింగేస్తుంది. ఆకు లోపలి నిర్మాణం కంటికి కనపడని సమీప పరారుణ కాంతిని బలంగా వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె -1 నుంచి 1 మధ్య ఉంటుంది. దీన్ని ఎన్‌డీవీఐ అంటారు. దట్టమైన ఆకులున్న చోట అంకె 1 వైపు జరుగుతుంది, కాంక్రీటు దగ్గర సున్నాకు దగ్గరగా ఉంటుంది, నీళ్లయితే సాధారణంగా సున్నా కంటే కిందికి పోతుంది.

ఆ మ్యాపులో అన్నిటికంటే గాఢంగా, కళ్లు చెదిరేంత పచ్చగా మెరిసిన చోటు ఒక చెరువు. దగ్గరికెళ్తే నీళ్లు కనపడవు, గట్టు నుంచి గట్టు దాకా గుర్రపుడెక్క అల్లుకుని ఉంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క మురుగు కలిసి పోషకాలు పెరిగిన నీళ్లలో విపరీతంగా పెరుగుతుంది. కింద నీటికి వెలుతురు, గాలి అందకుండా చేస్తుంది. అంటే ఉపగ్రహం లెక్కలో అత్యంత ఆరోగ్యంగా ఉన్న చోటే, నేల మీద అత్యంత జబ్బుగా ఉన్న చోటు. ఆ అంకె పచ్చదనం ఉందని చెబుతుంది, అది మేలు చేసేదో కాదో చెప్పదు. రోజూ నీళ్లు పెట్టే గడ్డిమైదానం, వందేళ్ల తోపు కూడా దగ్గర దగ్గర అంకెలే చూపించగలవు.

ఆకురాల్చే చెట్లున్న గుట్టల సంగతి దీనికి తిరగబడుతుంది. ఎండాకాలపు చిత్రంలో అవి బోడి నేలలా కనిపిస్తాయి, వానల తర్వాతి చిత్రంలో అడవిలా కనిపిస్తాయి. ఒక్క తేదీ చిత్రంతో తీర్పు చెప్పకూడదు. వేర్వేరు కాలాల చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఏడాదంతా పచ్చగా ఉండే తునకలు వేరుగా తేలతాయి. అలాంటివి ఎక్కువగా వాగుల వెంబడి, చెరువు దిగువన ఉంటాయి. నేల లోపల తడి ఎక్కడుందో చెట్లే చెప్పేస్తున్నాయి.

గుట్టలు, బండలు

ఎత్తుల లెక్క కోసం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులు తిరిగి రాడార్‌తో సేకరించిన డేటా వాడాను. ఇది 30 మీటర్ల చదరాల్లో దొరుకుతుంది. దానితో సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, గీయడం క్యూజీఐఎస్‌లో రెండు నొక్కుల పని. పెద్ద గుట్టలు చక్కగా వచ్చాయి. చిన్న బండలు మాయమయ్యాయి, ఎందుకంటే 30 మీటర్ల చదరంలో ఇంటిపాటి బండ సగటులో కలిసిపోతుంది. పైగా రాడార్ అన్నిచోట్లా నేలను తాకదు. దట్టమైన చెట్ల మీదా, కట్టడాల మీదా పడి తిరిగొస్తుంది. కిక్కిరిసిన బస్తీ కూడా అందులో మెల్లగా లేచిన దిబ్బలా కనిపిస్తుంది.

బండల కోసం నడవాల్సిందే. గ్రానైట్ ఉన్న నేలల్లో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రాళ్లను ఎవరూ పేర్చలేదు. భూమి లోపల ఉన్నప్పుడే రాయిలో నిలువు, అడ్డం పగుళ్లు ఏర్పడ్డాయి. వాటిలోకి నీళ్లు దిగి రాయిని పొడి చేస్తూ వచ్చాయి. మూల దగ్గర మూడు వైపుల నుంచి దాడి కాబట్టి మూలలు ముందు అరిగాయి, గట్టి నడిభాగం గుండ్రంగా మిగిలింది. పైనున్న మట్టి కొట్టుకుపోయాక ఇవి బయటపడ్డాయి. ఇది తెలిశాక బండను చూసే తీరు మారుతుంది. పగులు ఎటు పోయిందో, పొర ఎక్కడ ఊడుతోందో కళ్లు వెతుకుతాయి. వాన పడ్డ మర్నాడు పగుళ్లలో నాచు, చిన్న గడ్డి తలెత్తి ఉంటాయి. ఒక బండ దగ్గర రోజూ నడిచే పెద్దాయన నన్ను చూసి, "ఆ వాలు మీద కాలు పెట్టకండమ్మా, నల్లగా కనిపించేదంతా జారుతుంది" అని హెచ్చరించారు. ఆ మాట మ్యాపు నోట్సులో ఉన్నదున్నట్టు ఎక్కించాను.

నగరాల మధ్య ఇలాంటివి మిగలడానికి ముఖ్య కారణం, అక్కడ ఇల్లు కట్టడం కష్టం. ఎడిన్‌బరో మధ్యలో 251 మీటర్ల ఎత్తున్న ఆర్థర్స్ సీట్ ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతపు శేషం. రియో డి జనీరోలో తిజూకా అడవి కథ ఇంకో రకం. కాఫీ తోటల కోసం కొండల మీది చెట్లు నరికేస్తే నగరానికి నీటి కొరత వచ్చింది. 1861 నుంచి మళ్లీ చెట్లు నాటించారు. ఇప్పుడు చూసేవాళ్లకు అది ఎప్పటినుంచో ఉన్న అడవిలా అనిపిస్తుంది. ప్రతి పచ్చని చోటుకూ ఇలా "ఎందుకు మిగిలింది?" అని ఒక గడి పెట్టాను. బండ కాబట్టి, ముంపు నేల కాబట్టి, నీటి సరఫరా కోసం, ఒకప్పటి వేటతోట కాబట్టి. ఆ గడి నింపడం కాళ్ల కంటే తలకు ఎక్కువ పని.

ఎక్కడానికి పట్టే టైముకు నైస్మిత్ సూత్రం వాడుతున్నాను. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పింది ఇది. చదునులో గంటకు 5 కిలోమీటర్లు, పైగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు 10 నిమిషాలు కలపాలి. ఇది అలవాటున్న కాళ్లకు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారి కోసం మ్యాపులో దానికి రెట్టింపు రాస్తున్నాను. ఫోన్ చూపే ఎత్తును నమ్మకండి. ఆరుబయట ఫోన్ జీపీఎస్ అడ్డంగా 5 మీటర్ల అటూఇటూగా ఉంటుంది గానీ, ఎత్తులో తేడా అంతకంటే ఎక్కువ. చెట్ల కింద, బండల సందున రెండూ చెడతాయి. ఫోన్‌లో వాయుపీడనం కొలిచే సెన్సర్ ఉంటే నయం. సముద్రమట్టానికి దగ్గర్లో పైకి వెళ్లే ప్రతి 8 మీటర్లకు కాస్త అటూఇటూగా పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. గుట్ట కింద ఒక రీడింగు, పైన ఒక రీడింగు వెంటవెంటనే తీసుకుంటే ఎక్కుడు ఎంతో తేలిపోతుంది.

గేట్లు

అసలు పని ఇక్కడుంది.

కాగితం మీద ఒక లెక్క. నాలుగు వైపులా 400 మీటర్లున్న చదరపు పార్కు, 16 హెక్టార్లు. ఉత్తరపు గోడ మధ్యలో ఒకే గేటు. దక్షిణపు గోడకు ఆనుకుని, సరిగ్గా మధ్యలో ఒక ఇల్లు. సరళరేఖ లెక్కలో ఆ ఇంటికీ పార్కుకూ దూరం సున్నా. నడిస్తే 200 మీటర్లు గోడ చివరికి, 400 పక్క గోడ వెంబడి, ఇంకో 200 గేటు దాకా. మొత్తం 800. దాదాపు 10 నిమిషాలు. పిల్లలను తీసుకెళ్తే ఇంకా ఎక్కువ. ఆ గోడకు నాలుగు వైపులా ఒక్కో గేటు పెడితే ఒక్క చెట్టు కూడా కొత్తగా నాటకుండా పార్కు ఎన్నో ఇళ్లకు దగ్గరవుతుంది.

నేల మీద సంగతి కాగితం కంటే చిక్కుగా ఉంది. గేటు ఉంటుంది, తాళం వేసి ఉంటుంది. తెరిచి ఉంటుంది, అది వాహనాల గేటు. పక్కన మనుషులు దూరేందుకు మెలిక తిరిగిన ఇనుప కమ్మీల దారి ఉంటుంది. సైకిళ్లు, పశువులు రాకుండా పెట్టిన ఆ కమ్మీలు చక్రాల కుర్చీనీ, పిల్లల బండినీ కూడా ఆపేస్తాయి. కొన్నిచోట్ల గేటు ఎదురుగా దాటలేని రోడ్డు ఉంటుంది. ఒక పార్కు వెనక గేటు దగ్గర, ఎప్పుడు తెరుస్తారని వాచ్‌మన్‌ను అడిగాను.

"ఇది తెరవమండీ. అటు తిరిగి ముందు గేటుకు రండి."

"ఎప్పటినుంచి మూసి ఉంది?"

"నేను చేరిన కాడ్నుంచీ ఇంతే."

కాబట్టి ప్రతి గేటుకూ ఒక వరుస పెట్టాను. ఎవరు దూరగలరు, వెడల్పు ఎంత, మెట్లున్నాయా, ఏ వేళల్లో తెరిచి ఉంటుంది, బయట కాలిబాట ఉందా, దగ్గరి బస్టాపు నుంచి ఎన్ని నిమిషాలు. వెడల్పు టేపుతో కొలుస్తాను. చాలా చక్రాల కుర్చీలకు 80 సెంటీమీటర్ల దారి ఉంటే ఇబ్బంది లేకుండా వెళ్తాయి, 90 ఉంటే హాయి. ఇవన్నీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ గేటు చుక్కలుగా చేరుస్తున్నాను. తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ టేపు పట్టుకుని తిరగనక్కర్లేదు.

గేట్ల చుక్కలు చేరాక క్యూజీఐఎస్‌లో ఓఆర్ఎస్ టూల్స్ అనే ప్లగిన్‌తో (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాముతో) ఒక్కో గేటు నుంచి 5 నిమిషాలు, 10 నిమిషాల నడక హద్దులు గీశాను. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పుట్టిన ఓపెన్‌రూట్‌సర్వీస్ ఈ లెక్క చేసిపెడుతుంది. సరళరేఖ మ్యాపులో పెద్ద పార్కు చుట్టూ నిండు వలయం ఉండేది. గేట్ల మ్యాపులో ఆ వలయం ఒక వైపుకు కుంగిపోయి, గోడ వెనకనున్న పేటలన్నీ బయట పడ్డాయి. దానికంటే ఎంతో చిన్నదైన ఒక చెరువు పక్క తోట, చుట్టూ సందులన్నీ అందులోకే తెరుచుకోవడం వల్ల, ఎక్కువ ఇళ్లకు దగ్గరగా తేలింది. నా మ్యాపులో ఆ చిన్న తోటకు పెద్ద గుర్తు, ఆ పెద్ద పార్కుకు చిన్న గుర్తు పెట్టాను. విస్తీర్ణాన్ని బట్టి గుర్తు పెట్టడం అలవాటైనవాళ్లకు ఇది విడ్డూరంగా ఉంటుంది. ఉండనీ.

గేటు గొడవ కొత్తదేమీ కాదు. లండన్ శివార్లలోని రిచ్‌మండ్ పార్కు చుట్టూ 1637లో మొదటి చార్లెస్ రాజు వేట కోసం గోడ కట్టించాడు. అప్పటికే అక్కడ నడిచే జనం కోసం గోడ దాటే నిచ్చెన మెట్లు ఉంచారు. తర్వాత శతాబ్దంలో అమీలియా యువరాణి చేతికి పెత్తనం వచ్చాక, పాసులున్నవాళ్లకు తప్ప లోపలికి రానివ్వలేదు. జాన్ లూయిస్ అనే బీరు తయారీదారు కోర్టుకెక్కి 1758లో కాలినడక హక్కు గెలిచాడు. తలుపు కావాలా నిచ్చెన కావాలా అని జడ్జి అడిగితే, తలుపైతే ఎవరైనా గడియ పెట్టేస్తారని నిచ్చెనే కోరాడంటారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకూ ఇలాంటి కథే ఉంది. 341 హెక్టార్ల ఆ పార్కును రూపొందించిన ఓమ్‌స్టెడ్, వాక్స్ భారీ తోరణాల గేట్లను వ్యతిరేకించారు. పొట్టి రాతిగోడలో సాదా ఖాళీలు చాలన్నారు. ఆ ఖాళీలకు చేతిపనివారి గేటు, పండితుల గేటు లాంటి పేర్లు పెట్టారు. ఏ పని చేసుకునేవారికైనా ఇటు దారి ఉందని చెప్పినట్టే కదా.

కొండలకూ ఇదే గొడవ. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ ప్రాంతాల నుంచి వచ్చిన కార్మికులు ఇంగ్లండ్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదికి అనుమతి లేకుండా నడిచారు. వేట పక్షుల కోసం భూస్వాములు ఆ కొండను మూసి ఉంచారు. అయిదుగురు జైలుకు వెళ్లారు. 1951లో బ్రిటన్ మొదటి జాతీయ ఉద్యానం ఆ కొండలున్న పీక్ డిస్ట్రిక్ట్‌లోనే ఏర్పడింది. స్కాట్లండ్ 2003లో చట్టం చేసి చాలా భూముల్లో బాధ్యతగా నడిచే హక్కు ఇచ్చింది. ఇలాంటి హక్కు లేని చోట్ల చేయగలిగింది ఒకటే. భూమి ఎవరిదో తెలుసుకుని, అడిగి వెళ్లడం. మ్యాపులో "అడిగి వెళ్లవచ్చు" అన్న జవాబు ఉన్న చోట ఎవరిని అడగాలో కూడా రాస్తున్నాను.

పేరులేని పచ్చదనం

రైలు పట్టాల పక్క కట్టలు, కాలువ గట్లు, మూతపడ్డ క్వారీలు, పాత సమాధుల తోటలు. వీటిని పచ్చని జాగాలుగా ఎవరూ లెక్కపెట్టరు గానీ, సీతాకోకచిలుకలు ఇక్కడే ఎక్కువ. కోత కోయని గడ్డి, పూసిన కలుపు మొక్కలు వాటికి కావాలి. కాలువ గట్టు నడకకు దాదాపు సిద్ధంగా ఉన్న దారి, వాలు ఉండదు, దారి తప్పే వీలుండదు. దాన్ని మ్యాపులో చేర్చాను. రైలు కట్టలు చేర్చలేదు. నీళ్లు నిండిన క్వారీలు అసలే చేర్చను. ఫొటోలో నీలంగా అందంగా ఉంటాయి, ఒడ్డు నిటారుగా దిగుతుంది, కాలు పెట్టడానికి మెట్టు ఉండదు, కింద నీళ్లు చల్లగా ఉంటాయి. ఈతకొచ్చినవాళ్లు బయటికి ఎక్కలేరు. ఇలాంటి చోటుకు దారి చూపించే మ్యాపు నేను వేయను.

చెట్లు, పక్షులు, దాచాల్సినవి

పెద్ద చెట్లను కూడా గుర్తులుగా పెడుతున్నాను. గుట్ట లేని వైపు దారి చెప్పడానికి అవే ఆధారం. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున టేపు చుట్టి చుట్టుకొలత తీసుకుంటాను. వేర్లు గోడల్లా లేచి ఉంటే వాటి పైన. ఎత్తుకు ఫోన్‌లో కోణం కొలిచే యాప్ చాలు. చెట్టు కొన 45 డిగ్రీల్లో కనిపించేదాకా వెనక్కి నడిస్తే, నేల చదునుగా ఉన్నప్పుడు చెట్టు దాకా ఉన్న దూరానికి నా కళ్ల ఎత్తు కలిపితే అదే చెట్టు ఎత్తు. చుట్టుకొలతను బట్టి వయసు చెప్పమని అడిగేవాళ్లున్నారు. చెప్పను. ఒకే జాతి చెట్టు తడి నేలలో ఒకలా, బండ మీద ఇంకోలా లావెక్కుతుంది.

మొక్కలు, పురుగుల ఫొటోలు ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో పెడుతున్నాను. 2008లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది అది. ఫొటో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. పేరు మీద మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ మంది ఏకీభవిస్తే, తేదీ, చోటు వివరాలు కూడా సరిగ్గా ఉంటే, పరిశోధన స్థాయి రికార్డు అవుతుంది. ఆపదలో ఉన్న జాతులైతే ఆ సైటే అసలు చోటును దాచి, దాదాపు 20 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తుంది. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఒక బండ పగుల్లో గూడు పెట్టుకున్న పెద్ద వేటపక్షి సంగతి నాకు తెలుసు. దాని ఫొటో ఉంది, మ్యాపులో చుక్క లేదు. "మంచి చోటు అందరికీ చెప్పాలి కదా" అని నాతో నడిచే స్నేహితురాలు వాదిస్తుంది. గుంపు చేరితే పక్షి గూడు వదిలేస్తుంది. ఆ తర్వాత చెప్పడానికి ఏముంటుంది? గూడు కాలం ముగిసేదాకా ఆ బండ వైపు దారిని కూడా మ్యాపులో చూపించకూడదని ఒప్పుకున్నాం.

నీడ

పరారుణ థర్మామీటరుతో తారు రోడ్డునూ, చెట్టు కింద నేలనూ కొలిస్తే తేడా భారీగా ఉంటుంది. ఆ అంకె చూపించి చెట్టు కింద గాలి కూడా అంత చల్లగా ఉందని చెప్పేస్తుంటారు. ఆ పరికరం కొలిచేది ఉపరితలం వేడిని. గాలిలో తేడా దానికంటే బాగా తక్కువ. అయినా నడిచే మనిషికి నీడ హాయినిస్తుంది, నెత్తి మీద ఎండా, నేల నుంచి కొట్టే వేడీ రెండూ తగ్గుతాయి. మ్యాపులో నేను అంకెలు వేయట్లేదు. బస్టాపు నుంచి గేటు దాకా దారిలో మధ్యాహ్నం నీడ ఉన్న ముక్కలను మందపాటి గీతతో, లేని ముక్కలను సన్నగీతతో చూపిస్తున్నాను.

ఇప్పటికి ఎక్కడుంది

పెద్ద కాగితం మీద ఒక ప్రతి అచ్చు వేసి, మ్యాపులు చదివే అలవాటు లేనివాళ్ల చేతికిచ్చాను. సమోన్నత రేఖలు ఎవరికీ అర్థం కాలేదు, తీసేశాను. గుట్టకు నీడ వేసిన బొమ్మ, పక్కన "ఎక్కడానికి ఇన్ని నిమిషాలు" అని రాస్తే అందరికీ అర్థమైంది. దూరాలన్నీ మీటర్ల నుంచి నిమిషాలకు మార్చాను. గేటు గుర్తులు మొదట మరీ చిన్నగా ఉన్నాయని చెప్పారు, పెంచాను. తెరిచే వేళలు మ్యాపు మీద కాకుండా వెనక వైపు పట్టికలో ఉన్నాయి, అవి మారుతుంటాయి కాబట్టి.

మూసి ఉన్న వెనక గేటు గురించి ఆ పార్కు నిర్వాహకులకు ఒక ఉత్తరం రాసి, రెండు బొమ్మలు జత చేశాను. ఒకటి ఇప్పుడు 10 నిమిషాల నడకలో ఉన్న వీధులు, రెండోది ఆ గేటు తెరిస్తే చేరే వీధులు. చెట్లు కావాలని అడగలేదు, డబ్బు అడగలేదు, పొద్దునా సాయంత్రం తాళం తీయమన్నాను. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఆ గేటు మ్యాపులో ఖాళీ గుండ్రంగానే ఉంటుంది.

వానలు పడ్డాక వాగు దాటే చోట్లన్నీ మళ్లీ చూడాలి. ఎండాకాలంలో రాళ్ల మీద అడుగులు వేసి దాటిన చోట మోకాలి లోతు పారితే ఆ దారి మూసినట్టే. గుట్ట ఉత్తరం వైపు బాట ఇంకా రికార్డు చేయలేదు. దాన్ని నడిచేదాకా అక్కడ చుక్కల గీతే ఉంటుంది.